ఆ రెండేళ్ల జీతం ఎవరిచ్చారు?

కాకినాడవాళ్లకి ఎం.ఎస్.ఎన్. చారిటీస్ అంటే ముందు కాలేజీ గుర్తొస్తుంది. మల్లాడి సత్యలింగం నాయకర్ గారు రంగూన్‌లో వ్యాపారం చేసి గడించి, ధర్మానికి రాసిచ్చిన ఆస్తి అది. రంగరాయ మెడికల్ కాలేజీలో ఎం.బి.బి.ఎస్. చదివే రోజుల్లో ఆ బోర్డు ముందునుంచి ఎన్నిసార్లు పోయానో లెక్కలేదు. ఆ డబ్బుకీ, నేను తర్వాత పట్టిన వృత్తికీ చుట్టరికం ఉందని మాత్రం అప్పట్లో నాకెవరూ చెప్పలేదు. యల్లాప్రగడ సుబ్బారావు గారు అమెరికా బయల్దేరినప్పుడు సాయం చేస్తామని మాటిచ్చినవాళ్లలో ఆ చారిటీస్ ఉంది. మిగతాది మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు కూడదీశారు.

నేను లుకేమియా డాక్టర్ని. అమెరికాలో ఒక యూనివర్సిటీ ఆసుపత్రిలో వారానికి ఒక రోజు క్లినిక్ చూస్తాను, ఏడాదిలో కొన్ని వారాలు వార్డు చూస్తాను, తక్కిన కాలమంతా ల్యాబులో ఉంటాను. ఇక్కడ దీన్ని ఫిజీషియన్ సైంటిస్ట్ ఉద్యోగం అంటారు. మా పెద్దమ్మకి ఇది ఎంత చెప్పినా ఎక్కదు. "ఇంతకీ నువ్వు మనుషుల డాక్టరువా, ఎలకల డాక్టరువా?" అని ఫోన్లో అడిగింది. రెండూనే పెద్దమ్మా అన్నాను. "అయితే జీతం ఎవరిస్తారే, మనుషులా ఎలకలా?" అంది. ఆవిడ వేళాకోళానికే అంది గానీ, క్యాన్సర్ రంగంలో ఈ వృత్తి ఎలా పుట్టిందో తెలుసుకోవాలంటే అడగాల్సింది సరిగ్గా అదే. రోగిని చూడటం చేతనైన మనిషి రోగిని వదిలిపెట్టి మైక్రోస్కోపు ముందు కూర్చున్నంతసేపూ ఇల్లు గడిచేది ఎవరి డబ్బుతో?

సుబ్బారావు గారి కథ మనవాళ్లకి కొంత తెలుసు. 1895లో భీమవరంలో పుట్టారు. మద్రాసు మెడికల్ కాలేజీలో గాంధీ పిలుపు విని ఖద్దరు గౌను వేసుకుని సర్జరీకి వెళ్లారు. ప్రొఫెసర్ బ్రాడ్‌ఫీల్డ్‌కి అది నచ్చలేదు. చివరికి ఎం.బి.బి.ఎస్. బదులు తక్కువరకం ఎల్.ఎం.ఎస్. పట్టా చేతికొచ్చింది. కొన్నాళ్లు మద్రాసు ఆయుర్వేద కాలేజీలో పాఠాలు చెప్పి, హార్వర్డ్‌లో ట్రాపికల్ మెడిసిన్ చదవడానికి బోస్టన్‌లో దిగారు. సీటు ఉంది, స్కాలర్‌షిప్పు లేదు. పీటర్ బెంట్ బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రాత్రి పనికి కుదిరి రోగుల బెడ్‌పాన్లు కడిగారు. తర్వాత సైరస్ ఫిస్కే ల్యాబులో చేరారు. శరీర ద్రవాల్లో ఫాస్ఫరస్ కొలిచే ఫిస్కే-సుబ్బారావు పద్ధతి 1925లో అచ్చయింది. 1927లో ఫాస్ఫోక్రియాటిన్, 1929లో ఏ.టి.పి. 1930లో పీహెచ్‌డీ. ఇంత చేసినా హార్వర్డ్ పర్మినెంట్ ఉద్యోగం ఇవ్వలేదు. 1940లో న్యూయార్క్ రాష్ట్రంలోని పెర్ల్ రివర్‌కి, లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లిపోయారు.

ఆ బెడ్‌పాన్ల సంగతి మన వ్యాసాల్లో ఎప్పుడూ కళ్లు చెమర్చేలా రాస్తారు. నాకైతే అది జమాఖర్చుల పుస్తకంలో ఒక పద్దులా కనిపిస్తుంది. డాక్టరు చదువు చదివినవాడు పరిశోధన చేస్తానంటే 1920లలో ఆ కాలానికి డబ్బు కట్టేవాళ్లు లేరు. రాత్రి నిద్ర అమ్ముకుని పగలు కొనుక్కోవాలి. మామగారి డబ్బు, ధర్మసంస్థ మాట, రాత్రి ఉద్యోగం: మన నేలనుంచి బోస్టన్ దాకా ఆయన్ని నడిపినవి ఇవే.

లెడర్లీలో ఆయన బృందం పట్టుకున్న పనుల్లో ఫోలిక్ యాసిడ్ ఒకటి. దాని మొదలు మళ్లీ మన దేశంలోనే ఉంది. 1928లో లూసీ విల్స్ అనే ఇంగ్లీషు డాక్టరమ్మ బొంబాయి వచ్చి, బట్టల మిల్లుల్లో పనిచేసే గర్భిణులకి వచ్చే ఒకరకం రక్తహీనత మీద పనిచేసింది. ఈస్ట్ సారంతో చేసే మార్మైట్ పెడితే వాళ్లకి రక్తం పట్టింది. అందులో ఉన్నదేమిటో ఆ తర్వాత చాలా ఏళ్లకి తేలింది. దాన్నే 1945లో లెడర్లీవాళ్లు కృత్రిమంగా తయారుచేశారు. సుబ్బారావు గారికి అందులో ఇంకో పట్టుదల కూడా ఉండి ఉండాలి. స్ప్రూ జబ్బుతో ఆయన సోదరులిద్దరు రోజుల తేడాలో పోయారు. ఫోలిక్ యాసిడ్ ఆ జబ్బుకి పనికొస్తుంది.

బోస్టన్ పిల్లల ఆసుపత్రిలో సిడ్నీ ఫార్బర్ పాథాలజిస్టు. అంటే బతికున్న పిల్లలకంటే పోయిన పిల్లల్ని ఎక్కువగా చూసే ఉద్యోగం. రక్తహీనతకి పనికొచ్చిన మందు లుకేమియాకీ పనికొస్తుందేమోనని ఫోలిక్ యాసిడ్ రకాలు ఇచ్చి చూశాడు. జబ్బు నెమ్మదించకపోగా పరుగెత్తినట్టు కనిపించింది. అందరూ తలదించుకోవాల్సిన ఫలితం అది. ఫార్బర్ మాత్రం తలకిందులుగా ఆలోచించాడు: ఇస్తే పెరుగుతోందంటే, అందకుండా చేస్తే తగ్గాలి కదా. ఫోలిక్ యాసిడ్‌లాగే ఉండి, కణాన్ని మోసం చేసి, డి.ఎన్.ఏ. తయారీని ఆపేసే పదార్థాలు లెడర్లీలో ఉన్నాయి. అమినోప్టెరిన్‌ని అక్కడ డోరిస్ సీగర్, ఆమె సహచరులు తయారుచేశారు. 1947 డిసెంబరు చివర్లో ఫార్బర్ దాన్ని ఒక పిల్లవాడికి మొదలుపెట్టాడు. 1948 జూన్‌లో అచ్చయిన వ్యాసంలో 16 మంది పిల్లల లెక్క ఉంది. 10 మందికి జబ్బు తగ్గుముఖం పట్టింది. తగ్గింది కొన్ని నెలలే, తర్వాత తిరగబెట్టింది. అయినా పిల్లల లుకేమియా ఒక మందుకి లొంగడం అదే మొదలు. వ్యాసం వచ్చిన రెండు నెలలకి, ఆగస్టులో, సుబ్బారావు గారు పోయారు. అప్పటికి ఆయనకి 53 ఏళ్లు.

ఆ కథలో నాకు ముఖ్యంగా కనిపించేది ఒక ఖాళీ. మందు చేసినాయన దగ్గర మంచాలు లేవు. వైద్యపట్టా ఉండి కూడా ఆయన అమెరికాలో రోగుల్ని చూసే డాక్టరు కాలేదు. మంచాలున్న ఆసుపత్రిలో ఫార్బర్ ఉన్నది నేలమాళిగ వైపు. వార్డులోని చిన్న డాక్టర్లు ఆయన్ని మెచ్చుకోలేదు. పోయే పిల్లల్ని ప్రశాంతంగా పోనివ్వక ఈ సూదులేమిటని వాళ్ల బాధ. ఆ బాధలో అర్థం లేదని నేను అనను. డబ్బు మాత్రం ఫార్బర్‌కి ఊహించని దిక్కునుంచి వచ్చింది. 1948 మే నెలలో రేడియోవాళ్లు ఒక పిల్లవాడి మంచం పక్కకి బోస్టన్ బేస్‌బాల్ జట్టుని తీసుకొచ్చారు. దేశమంతా విన్నారు. జిమ్మీ ఫండ్‌కి 2 లక్షల డాలర్లకి పైగా చందాలు వచ్చాయి.

మంచాన్నీ ల్యాబునీ ఒక కప్పు కింద పెట్టింది వాషింగ్టన్ పక్కన బెథెస్డాలో. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ ఎన్.ఐ.హెచ్. 1953లో అక్కడ క్లినికల్ సెంటర్ తెరిచింది. 500 పడకల భవనం అది. దాని ప్లానులోనే విషయం ఉంది: వార్డులోంచి బయటికొచ్చి వరండా దాటితే ల్యాబు. రక్తం తీసిన చేయే దాన్ని పరీక్షించాలి. భవనమైతే కట్టారు. అందులో పనిచేయడానికి, ప్రైవేటు ప్రాక్టీసు డబ్బు వదులుకుని, చదువు ముగిసిన కుర్ర డాక్టర్లు ఎందుకొస్తారు?

వాళ్లని తెచ్చింది యుద్ధం. కొరియా యుద్ధం మొదలయ్యాక 1950లో డాక్టర్ల నిర్బంధ సైనికసేవకి చట్టం వచ్చింది. పబ్లిక్ హెల్త్ సర్వీసులో చేసే రెండేళ్లు సైన్యంలో చేసినట్టే లెక్క. ఎన్.ఐ.హెచ్.లో క్లినికల్ అసోసియేట్‌గా చేరితే యూనిఫారం లేకుండా, తుపాకీ లేకుండా, జీతంతో రెండేళ్లు గడిచిపోతాయి. వియత్నాం యుద్ధం ముదిరేసరికి మంచి మంచి కాలేజీల మొదటి ర్యాంకులవాళ్లు ఈ సీట్లకి ఎగబడ్డారు. కమాండోలని గ్రీన్ బెరెట్లు అంటే, వీళ్లని ఎగతాళిగా ఎల్లో బెరెట్లు అన్నారు. ఆ ఎగతాళి వాళ్లలో కొందరు ముచ్చటగానే చెప్పుకున్నారు. సాహిత్యంలో ఎం.ఏ. చేసి తర్వాత మెడిసిన్ చదివిన హెరాల్డ్ వార్మస్ 1968లో అలా వచ్చినవాడే. ఆయనకి అప్పటివరకు ల్యాబు పని పెద్దగా తెలియదు. కొన్నేళ్ల ముందు అదే దారిన మైకేల్ బిషప్ వచ్చాడు. క్యాన్సర్ జన్యువుల విత్తనాలు మన మామూలు కణాల్లోనే ఉన్నాయని చూపించినందుకు వాళ్లిద్దరికీ 1989లో నోబెల్ వచ్చింది. ఆ తరాన్ని తయారుచేసిన డబ్బుకి అసలు పేరు యుద్ధభయం. ఇది ఒప్పుకోవడం మా వృత్తివాళ్లకి కాస్త ఇబ్బందిగానే ఉంటుంది.

ఆ వార్డు ఎలా ఉండేదో ఎమిల్ ఫ్రైరైక్ ఎన్నోసార్లు చెప్పాడు. హంగరీ నుంచి వలసొచ్చిన కుటుంబం వాళ్లది, షికాగోలో పేదరికంలో పెరిగాడు. తండ్రి చిన్నప్పుడే పోయాడు, తల్లి టోపీల ఫ్యాక్టరీలో కూలి. 1955లో ఎమిల్ ఫ్రైతో పాటు బెథెస్డా చేరాడు. ఇద్దరి పేర్లూ అంత దగ్గరగా ఉండటం చదివేవాళ్లకి తప్ప వాళ్లకి ఇబ్బంది కాలేదు. లుకేమియా పిల్లలు అప్పట్లో ఎక్కువగా రక్తస్రావంతో పోయేవాళ్లు. ముక్కులోంచి, చిగుళ్లలోంచి, పేగుల్లోంచి రక్తం. దుప్పట్లు, దిండ్లు, నర్సుల తెల్లబట్టలు అన్నీ ఎరుపే. ప్లేట్‌లెట్లు లేకే ఇదంతా అని, ప్లేట్‌లెట్లు ఎక్కిస్తే ఆగుతుందని ఫ్రైరైక్ నమ్మాడు. పెద్దలు నమ్మలేదు. ఆయన మానలేదు. రక్తం ఆగింది. తర్వాత కొడుక్కి లుకేమియా వచ్చిన జార్జ్ జడ్సన్ అనే ఐ.బి.ఎం. ఇంజనీరు వచ్చి కలిశాడు. దాత రక్తంలోంచి కావలసిన కణాలు తీసుకుని తక్కినది తిరిగి దాతకే పంపే యంత్రం ఇద్దరూ కలిసి చేశారు. ఇవాళ మన ఊళ్లలో డెంగీ రోజుల్లో ప్లేట్‌లెట్ల కోసం దాతని కూర్చోబెట్టే యంత్రం ఆ వంశంలోదే.

రక్తస్రావం ఆగాక ధైర్యం వచ్చింది. ఒక్కో మందు విడిగా కొన్ని నెలలే పనిచేస్తోంది కాబట్టి నాలుగూ కలిపి ఒకేసారి ఇస్తే? విన్‌క్రిస్టీన్, అమెథోప్టెరిన్, మెర్‌కాప్టోప్యూరిన్, ప్రెడ్నిసోన్. మొదటి అక్షరాలతో దాని పేరు వ్యాంప్. 1960ల మొదట్లో ఇది మొదలైనప్పుడు పిల్లలు ముందు చావు అంచుదాకా వెళ్లి, తర్వాత లేచి కూర్చున్నారు. కొన్నాళ్లకి కొందరు తలనొప్పితో, తూలుతూ తిరిగొచ్చారు. మందు చేరని మెదడు పొరల్లో జబ్బు దాక్కుంది. అక్కడికి వేరే దారి వెతకాల్సి వచ్చింది. అమెథోప్టెరిన్ అంటే ఇవాళ మెథోట్రెక్సేట్, అమినోప్టెరిన్‌కి చెల్లెలు, అదీ లెడర్లీ సరుకే.

అక్కడ అందరినీ అందలం ఎక్కించలేదు. చైనానుంచి వచ్చిన మిన్ చియూ లీ 1956 ప్రాంతంలో మెథోట్రెక్సేట్‌తో గర్భసంచిలో వచ్చే కోరియోకార్సినోమాని తగ్గించాడు. గడ్డ కనపడకుండా పోయినా, ఆ గడ్డ విడుదల చేసే హార్మోను రక్తంలో ఇంకా మిగిలుంది కాబట్టి మందు ఆపనన్నాడు. ఆడవాళ్ల మీద ప్రయోగం చేస్తున్నావని ఆయన్ని పంపించేశారు. మందు పూర్తిగా తీసుకున్నవాళ్లకి జబ్బు తిరగబెట్టలేదు. 1972లో లాస్కర్ బహుమతి వచ్చింది. పేషెంటు మంచం దగ్గర ల్యాబు కాగితాన్ని నమ్మడం అంటే ఏమిటో మా ఫెలోలకి చెప్పాల్సి వస్తే నేను ఈయన పేరే చెబుతాను. 1963లో అసోసియేట్‌గా వచ్చిన విన్సెంట్ డెవీటాకి కాలం కలిసొచ్చింది. హాడ్జ్‌కిన్ జబ్బుకి నాలుగు మందుల మాప్ పద్ధతి పెట్టాడు. 1970 వ్యాసంలో 43 మందిలో 35 మందికి జబ్బు పూర్తిగా కనపడకుండా పోయింది. తర్వాత ఆయనే ఎన్.ఐ.హెచ్.లోని జాతీయ క్యాన్సర్ సంస్థకి డైరెక్టరయ్యాడు.

ఇన్ని పేర్లు చెప్పాను, అసోసియేట్లలో ఆడవాళ్లు కనబడ్డారా? సైన్యానికి రమ్మన్నది మగవాళ్లని. తప్పించుకునే దారిలో ఇచ్చిన రెండేళ్లూ వాళ్లకే వచ్చాయి. ఆడ డాక్టర్లకి సైన్యమూ లేదు, దాని పేరుతో దొరికే చదువూ అంతంతమాత్రమే. న్యూయార్క్ హార్లెమ్‌లో జేన్ రైట్ ఆ దారిన వచ్చింది కాదు. తండ్రి లూయిస్ రైట్ అక్కడ పెట్టిన క్యాన్సర్ పరిశోధన విభాగంలో పనిచేస్తూ, 1951లో రొమ్ము క్యాన్సర్‌కి మెథోట్రెక్సేట్ పనిచేస్తుందని చూపించింది. 1964లో అమెరికా క్యాన్సర్ డాక్టర్ల సంఘం ఆస్కో పెట్టిన ఏడుగురిలో ఆమె ఒక్కతే ఆడమనిషి. నల్లజాతి ఆవిడ కూడా. మెడికల్ ఆంకాలజీ అనే శాఖకి అమెరికాలో బోర్డు గుర్తింపు రావడానికి ఇంకా ఎనిమిదేళ్లు పట్టింది.

1973లో నిర్బంధసేవ ఆగిపోయింది. దాంతో వరదా ఆగింది. 1979 వచ్చేసరికి జేమ్స్ విన్‌గార్డెన్ అనే పెద్దాయన పరిశోధన చేసే డాక్టర్ల జాతి అంతరించిపోతోందని వ్యాసం రాశాడు. ఎం.డి., పీహెచ్‌డీ రెండూ కలిపి చదివించే ప్రభుత్వ పథకం 1964లోనే మూడు కాలేజీల్లో మొదలైంది గానీ, చదువు అయ్యాక వచ్చే తొలి అయిదారేళ్లని దాటించడం దాని పని కాదు. ఆ గండానికి పెట్టినవే కె గ్రాంట్లు. నేను నిలబడింది వాటి దగ్గరే.

నా ఫెలోషిప్ మొదటి ఏడాదంతా వార్డే. హై-డోస్ మెథోట్రెక్సేట్ రాత్రి ఎలా ఉంటుందో చెబుతాను. మందు సంచి చిక్కటి పసుపు రంగులో వేలాడుతుంది. మూత్రం పులుపెక్కితే మందు కిడ్నీల్లో గడ్డకడుతుంది. అందుకని సెలైన్‌లో సోడియం బైకార్బొనేట్ కలుపుతాం. పేషెంటు బాత్రూమ్‌కి వెళ్లినప్పుడల్లా నర్సు కాగితప్పట్టీ ముంచి పీహెచ్ 7 దాటిందా లేదా చూసి బోర్డు మీద రాస్తుంది. 24 గంటలకి ల్యూకోవోరిన్ మొదలు. సుబ్బారావు గారి కంపెనీ మందు ఒకటి కణాన్ని చంపుతుంటే, ఫోలిక్ యాసిడ్ తమ్ముడొకడు మంచి కణాల్ని కాపాడతాడు. 48 గంటల లెవెల్ తగ్గకపోతే రాత్రి రెండింటికి పేజర్ మోగుతుంది. ఆ పసుపు సంచి వెనక భీమవరం ఉందని మా అటెండింగ్‌కి తెలియదు. నేను చెబితే ఆసక్తిగా విని, క్రియాటినిన్ ఎంతుందని అడిగింది.

ల్యాబు రోజులు ఇంకోలా ఉంటాయి. పొద్దున్న తుంటి ఎముక వెనకనుంచి మజ్జ తీస్తాను. మొదట లాగింది పాథాలజిస్టుకి. పేషెంటు సంతకం పెట్టి ఒప్పుకుంటే ఇంకో ట్యూబు ల్యాబుకి. మధ్యాహ్నం దాన్ని పల్చబరిచి, ఫైకాల్ ద్రవం మీద గొట్టం అంచునుంచి మెల్లగా జార్చాలి. చేయి వణికితే రెండూ కలిసిపోతాయి, మళ్లీ మొదలు. సెంట్రిఫ్యూజ్ ఆగాక తీసి చూస్తే ఎర్రకణాలు అడుగున, ప్లాస్మా పైన, నడుమ పల్చని తెల్లని చుట్టు, పాల మీద మీగడ తరకలా. కావలసింది ఆ తరకే. పిపెట్‌తో పీల్చి, కడిగి, లెక్కపెట్టి, కొంత కల్చర్‌కి, కొంత ద్రవ నైట్రోజన్‌లోకి. ట్యూబు మీద పేరు ఉండదు, నంబరే. అయినా ఆ నంబరు ఎవరో నాకు తెలుసు. పొద్దున్న సూది గుచ్చుతుంటే చెరువులో చేపలు పట్టడం గురించి చెబుతూ నొప్పి మరిచిపోదామని చూసినాయన.

ఇక డబ్బు. కె08 గ్రాంటు వస్తే పనికాలంలో 75 శాతం పరిశోధనకే ఉండాలని షరతు. మిగతా 25లో క్లినిక్, వార్డు, కమిటీలు, పాఠాలు. చూసిన పేషెంట్ల లెక్కన ఆదాయం వచ్చే విభాగానికి ఈ 75 కంటికి ఆనదు. ఒకచోట ఇంటర్వ్యూలో "మీ ల్యాబు కాలాన్ని మేం గౌరవిస్తాం" అన్నారు, కాగితం మీద రెండు రోజుల క్లినిక్ రాసి పంపారు. పైగా ఆ గ్రాంటుకి అమెరికా పౌరుడో గ్రీన్‌కార్డు ఉన్నవాడో కావాలి. ఇండియాలో పుట్టినవాళ్ల గ్రీన్‌కార్డు క్యూ సంగతి ఈ పత్రిక చదివే ఇళ్లలో చాలామందికి తెలిసిందే. జె-1 వీసాతో వచ్చిన డాక్టర్లు చదువయ్యాక రెండేళ్లు సొంత దేశానికి తిరిగి వెళ్లి ఉండాలి, లేదా డాక్టర్లు తక్కువున్న ప్రాంతంలో మూడేళ్లు పనిచేయాలి. అక్కడ పేషెంట్లుంటారు, సెంట్రిఫ్యూజ్ ఉండదు. సుబ్బారావు గారి కాలం ఇంతకన్నా కఠినం. 1923లో భారతీయులు పౌరసత్వానికి అర్హులు కారని అమెరికా సుప్రీంకోర్టు తీర్పిచ్చింది. 1946లో చట్టం మారింది. ఆయన మాత్రం పౌరుడు కాకుండానే పోయారు.

మన దేశంలో మెడికల్ ఆంకాలజీకి డి.ఎం. కోర్సు 1984లో అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌లో మొదలైంది. ముత్తులక్ష్మి రెడ్డి గారు పెట్టిన సంస్థ, శాంత గారు నడిపిన సంస్థ. అదే ప్రాంతంలో బెథెస్డానుంచి ఇయాన్ మగ్రాత్ వచ్చి, అడయార్, బొంబాయి టాటా, ఢిల్లీ ఎయిమ్స్ వాళ్లతో కలిసి పిల్లల లుకేమియాకి ఎం.సి.పి.-841 అనే ఒకే పద్ధతిని అమలుచేశాడు. అంతకుముందు అయిదుగురిలో ఒక్కరు కూడా నిలవని జబ్బులో సగంమంది దాకా బతకడం మొదలైంది. నాకు తెలిసి మన దేశపు క్యాన్సర్ వైద్యంలో అంత తక్కువ ఖర్చుతో అంత పెద్ద మార్పు మరోటి లేదు. ఆ పని చేసినవాళ్లు మాత్రం పొద్దుటినుంచి ఓ.పి. చూసి, సాయంత్రం కేస్‌షీట్లు ముందేసుకుని రాసుకున్న డాక్టర్లు. వాళ్ల పరిశోధన కాలానికి విడిగా జీతం పద్దు లేదు. హైదరాబాద్ కేంద్రంగా 2008లో వచ్చిన ఇండియా అలయన్స్ అనే పరిశోధన నిధుల సంస్థ ఇప్పుడు డాక్టర్లకి అలాంటి ఫెలోషిప్పులు ఇస్తోంది. అక్కడి రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి ముందు ఉదయం నిలబడే వరసని చూసినవాళ్లకి ఆ ఫెలోషిప్పు తీసుకుని వార్డు వదలడం ఎంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు.

గుంటూరునుంచి, కర్నూలునుంచి చదివొచ్చిన పిల్లలు నాకు ఫోన్ చేస్తుంటారు. "అక్కా, ఏ యూనివర్సిటీ మంచిది?" అంటారు. పేరు సంగతి తర్వాత చూద్దాం, ఇంటర్వ్యూలో మూడు విషయాలు అడిగి రండి అంటాను. వార్డునుంచి ల్యాబుకి నడిచి ఎంతసేపు? గ్రాంటు రానంతకాలం జీతం ఎవరి ఖాతాలోంచి, ఎన్నేళ్లు? మీరు ల్యాబులో ఉన్న రోజున మీ పేజర్ ఎవరి దగ్గర ఉంటుంది? మూడోదానికి వెంటనే ఒక మనిషి పేరు చెప్పారంటే అక్కడ చేరమంటాను.